ఆడపిల్లల కోర్టు ఎన్ని మీటర్లు?

(నెల్లూరులో డిగ్రీ కళాశాలల వ్యాయామ అధ్యాపకులు, విద్యార్థినీ విద్యార్థులు పాల్గొన్న సమావేశంలో ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, నాతోపాటు ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి ఉద్యోగం చేసిన తోటి ఫిజికల్ డైరెక్టర్లకు, ఈ హాలులో వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న ఆడపిల్లలకు నమస్కారం. ముందు రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి, ఇలా వచ్చి కూర్చోండమ్మా. నేను చెప్పబోయేది ముఖ్యంగా మీ గురించే.

కళాశాల క్రీడల్లో స్త్రీ పురుష సమానత్వం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట ఎత్తగానే చాలామంది ఒలింపిక్ పతకాల పేర్లు చెబుతారు, ఆడపిల్లలు ఎక్కడా తీసిపోలేదు కదా అంటారు. ఆ పతకాల గురించి నేనూ చెబుతాను కానీ, ముందుగా ఒక కబడ్డీ కోర్టు గురించి చెప్పనివ్వండి.

నిబంధనల ప్రకారం పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉండాలి. మహిళల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. కూతకు వెళ్ళినవాళ్ళు దాటి తీరవలసిన గీతను బాక్ లైను అంటారు; మధ్య గీత నుంచి అది పురుషులకు 3.75 మీటర్ల దూరంలో ఉంటే, మహిళలకు 3 మీటర్ల దూరంలో ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కళాశాలలో ఒకటే కోర్టు ఉండేది, అది పురుషుల కొలతలతో గీసినది. మగపిల్లల సాధన ముగిశాక మిగిలిన కాస్త సమయంలో మా అమ్మాయిలు అందులోనే ఆడేవారు. ఆ ఏడాది అంతర్ కళాశాలల పోటీలకు వెళ్ళినప్పుడు, జట్టులోకెల్లా చురుకైన రైడర్, అంటే కూతకు వెళ్ళే అమ్మాయి, ఎవరూ పట్టుకోలేని పిల్ల, ఎదుటివాళ్ళు ఆమెను తాకకముందే పక్క గీత తొక్కి రెండుసార్లు అవుటయింది. చూస్తున్నవాళ్ళు ఆడపిల్లలు ఒత్తిడి తట్టుకోలేరని అనుకున్నారు. ఆ రాత్రి బసలో ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి, "మేడమ్, గీత దగ్గరికొచ్చేసినట్టు అనిపించింది" అంది. నిజంగానే దగ్గరికొచ్చింది, అటొక మీటరు, ఇటొక మీటరు. ఆమె కాళ్ళు మా మైదానం కొలతలకు అలవాటుపడి ఉన్నాయి. ఆ కొలతలు ఆమె ఆడవలసిన ఆటవి కావని, వాటిని సరిచేయవలసింది నేనేనని అప్పటికిగానీ నాకు తట్టలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను, ఆ ఓటమికి బాధ్యురాలిని నేనేనన్న సంగతి ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి మైదానంలోనూ ఈ కొలతల సంగతి గమనిస్తూ వచ్చాను. వాలీబాల్ నెట్ పురుషులకు 2.43 మీటర్ల ఎత్తులో, మహిళలకు 2.24 మీటర్ల ఎత్తులో ఉండాలి. చాలా కళాశాలల్లో ఇనుప స్తంభాలకు ఒకే ఎత్తులో కొక్కేలు బిగించి ఉంటాయి, ఆ ఎత్తు ఏదో వేరే చెప్పనక్కర్లేదు. షాట్‌పుట్ గుండు పురుషులకు 7.26 కిలోలు, మహిళలకు 4 కిలోలు. డిస్కస్ వాళ్ళకు 2 కిలోలు, వీళ్ళకు 1 కిలో. జావెలిన్ వాళ్ళకు 800 గ్రాములు, వీళ్ళకు 600 గ్రాములు. స్టోరు గదిలో 600 గ్రాముల జావెలిన్ లేని కళాశాలలో ఆడపిల్ల 800 గ్రాముల దానితో విసరడం నేర్చుకుంటుంది, భుజం నొప్పి తెచ్చుకుంటుంది, ఆ నొప్పిని చూపించి ఇది ఆడపిల్లల ఆట కాదని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. అందరికీ ఒకే జావెలిన్ ఇచ్చాం, తేడా చూపలేదు కదా అని ఒక పెద్దమనిషి నాతో నిజాయతీగానే వాదించారు. ఆయన మంచివారే. అయినా ఎవరి ఆటకు తగిన సరంజామా వారికి, ఒకే శ్రద్ధతో, ఒకే నాణ్యతతో, ఒకే వేళకు అందితేనే దాన్ని సమానత్వం అనాలని నా అభిప్రాయం.

ఇక డబ్బు సంగతి. గేమ్స్ ఫీజు అమ్మాయి దగ్గర ఎంత తీసుకుంటామో అబ్బాయి దగ్గరా అంతే తీసుకుంటాం. నేను బాధ్యతలు తీసుకున్న రోజు పాత స్టాకు రిజిస్టరు తెరిచి చూస్తే, మగపిల్లల పేజీల్లో క్రికెట్ కిట్లు, హాకీ కర్రలు, ఫుట్‌బాళ్ళు, స్పైక్ బూట్లు వరుసగా రాసి ఉన్నాయి. చివర్లో ఒక సగం పేజీకి "లేడీస్ ఐటమ్స్" అని శీర్షిక పెట్టి, దాని కింద టెన్నికాయిట్ రింగులు, క్యారమ్ బోర్డు, స్కిప్పింగ్ తాళ్ళు రాశారు. టెన్నికాయిట్ చిన్న ఆట అని నేననను, ఆ రింగుతోనే మా తరం ఆడపిల్లలం ఆటలోకి వచ్చాం. అయితే ఏ ఆట కావాలని ఆ అమ్మాయిలను ఎవరూ అడగలేదన్నది ఆ సగం పేజీలో తెలిసిపోతోంది. వార్షికోత్సవాల్లో మగపిల్లలకు 1500 మీటర్ల పరుగు, ఆడపిల్లలకు మ్యూజికల్ చైర్సు, లెమన్ అండ్ స్పూన్ పెట్టే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టి, అదే ఆమె క్రీడాశక్తికి పరీక్ష అనడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇది మార్చమని అడిగినప్పుడు నేను విన్న సమాధానం దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఆడపిల్లలు రారు మేడమ్, వాళ్ళకు ఆసక్తి లేదు." ఈ రోజు నేను ప్రధానంగా మాట్లాడదలచుకున్నది ఈ మాట గురించే. ఎందుకంటే ఇది అబద్ధమని చెప్పేవారు కూడా దీన్ని పూర్తిగా విప్పి చూడరు. రిజిస్టరులో సంతకాలు లెక్కపెడితే ఆడపిల్లలు తక్కువగానే ఉంటారు, అది నిజమే. వాళ్ళెందుకు తక్కువగా ఉన్నారన్న ప్రశ్నకు మాత్రం ఆ రిజిస్టరులో సమాధానం దొరకదు.

అమెరికాలో ఈ ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్ళింది. అక్కడ 1972 జూన్ 23న ఒక విద్యా సవరణ చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశారు. అందులోని తొమ్మిదవ శీర్షికను టైటిల్ నైన్ అంటారు. కేంద్ర ప్రభుత్వ సహాయం పొందే ఏ విద్యా కార్యక్రమంలోనూ స్త్రీ అనో పురుషుడనో ఎవరినీ మినహాయించరాదు, వారికి ప్రయోజనాలు నిరాకరించరాదు, వారిపట్ల వివక్ష చూపరాదు అన్నదే దాని సారం. ఆ ప్రధాన వాక్యంలో ఆటల ప్రసక్తే లేదు. అయినా దాని ప్రభావం అందరికంటే ఎక్కువగా కనబడింది మైదానంలోనే. ఆ చట్టం రాకముందు, 1971-72లో, ఆ దేశపు ఉన్నత పాఠశాలల జట్లలో ఆడే బాలికలు సుమారు 2 లక్షల 94 వేల మంది. 1977-78 నాటికి వారి సంఖ్య 20 లక్షలు దాటింది. ఆరేళ్ళలో ఒక దేశపు ఆడపిల్లల స్వభావం మారిపోదు కదా! ఆ పిల్లలు అంతకుముందూ ఉన్నారు, వాళ్ళ కాళ్ళూ చేతులూ ఉన్నాయి. లేనివి జట్టు, కోచ్, మైదానంలో ఒక వేళ. అవి రాగానే పిల్లలు వచ్చారు.

తర్వాత 1991లో అక్కడి బ్రౌన్ విశ్వవిద్యాలయం ఖర్చు తగ్గించుకోవడానికి నాలుగు జట్లకు నిధులు ఆపేసింది. వాటిలో మహిళల జిమ్నాస్టిక్స్, వాలీబాల్ జట్లు రెండు. ఎమీ కోహెన్ అనే జిమ్నాస్ట్, మరికొందరు విద్యార్థినులు కోర్టుకు వెళ్ళారు. ఆడవాళ్ళకు ఆటల మీద ఆసక్తి తక్కువ, దానికి తగినట్టే అవకాశాలు ఇస్తున్నాం అని విశ్వవిద్యాలయం వాదించింది. మన ప్రిన్సిపాల్ గదుల్లో వినిపించే వాదన సరిగ్గా ఇదే. అప్పీలు న్యాయస్థానం 1996లో దాన్ని తోసిపుచ్చింది. ఆసక్తి, సామర్థ్యం శూన్యంలో పుట్టవని, అవకాశాన్ని బట్టి, అనుభవాన్ని బట్టి అవి పెరుగుతాయని ఆ తీర్పు చెప్పింది. మన రైతులకు ఈ సంగతి తీర్పుతో పనిలేకుండానే తెలుసు. పెన్నా కాలువలో నీళ్ళు వదలకుండా, ఈ పొలానికి వరి మీద ఆసక్తి లేదని ఏ రైతూ అనడు.

ఇదే వాదనకు ఇంకా పాత రూపం ఒకటి ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళల 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిది మంది పరుగెత్తితే తొమ్మిది మందీ పూర్తి చేశారు. అయితే పరుగు చివర అలసి కూలబడిన వారిని చూసి, స్త్రీలు దారుణంగా పడిపోయారని పత్రికలు పెద్దవి చేసి రాశాయి. దూరపు పరుగు స్త్రీల శరీరానికి తగదని నిర్ణయించి ఆ పోటీనే తీసేశారు, 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. ఆ ముప్ఫై రెండేళ్ళలో ప్రపంచంలో ఎంతమంది అమ్మాయిలు 800 మీటర్లు పరుగెత్తగలిగి ఉండేవారో లెక్క తెలిసే మార్గం లేదు. ఆ పరుగే లేనప్పుడు ఆసక్తి ఉందా లేదా అని ఎవరిని అడగాలి?

మన సొంత ఉదాహరణ ఇంకా దగ్గరిది. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్ లిఫ్టింగ్ 2000 సంవత్సరం సిడ్నీ పోటీల దాకా లేనే లేదు. దాన్ని చేర్చిన మొదటిసారే శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ ద్వారం మరో ఎనిమిదేళ్ళు తెరుచుకోకపోయి ఉంటే, ఆమె అంతే బలంగా, అంతే పట్టుదలగా ఉండి కూడా మన పాఠ్యపుస్తకాల్లో ఉండేవారు కారు. అందుకే ఆడపిల్లలు రారని ఎవరైనా అంటే నేను ఒకే ప్రశ్న వేస్తాను: వాళ్ళు రావడానికి మీరు ఏ వేళ ఖాళీగా ఉంచారు?

వేళ అన్నది చాలా ముఖ్యం. మన కళాశాలల్లో తరగతులు సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో ముగుస్తాయి. నాలుగు నుంచి ఆరు దాకా మైదానం మగపిల్లలది. అది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, అలా జరిగిపోతుంది, అంతే. ఆడపిల్లలు ఆడుకోవచ్చా అని అడిగితే, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఆడుకోమంటారు. నెల్లూరు ఎండ సంగతి నెల్లూరు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. లేదంటే ఆరు తర్వాత రమ్మంటారు. ఆత్మకూరు వైపు నుంచో, పొదలకూరు వైపు నుంచో, ఇందుకూరుపేట వైపు నుంచో వచ్చే పిల్ల ఆరింటికి ఆట మొదలుపెడితే ఊరికి ఎలా చేరుతుంది? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, చాలా మేలు జరిగింది, టిక్కెట్టు డబ్బుల కోసం ఆట మానుకునే అవసరం పోయింది. అయినా బస్సు దిగాక ఊళ్ళోకి నడవవలసిన చీకటి దారి అలాగే ఉంది.

ఒకసారి ఒక అమ్మాయి సాధనకు రావడం మానేస్తే, కోవూరు దాటాక ఉండే ఒక పల్లెలో వాళ్ళింటికి వెళ్ళాను. నిక్కరు వేసుకుని ఆడడం పెద్దవాళ్ళకు నచ్చలేదేమోననుకుని, దారంతా దానికి జవాబులు సిద్ధం చేసుకున్నాను. వాళ్ళమ్మ నాకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి అడిగింది ఒక్కటే: "ఆడుకోనీండి మేడమ్, నాకేమీ అభ్యంతరం లేదు. పొద్దుగూకితే రోడ్డు మీద నుంచి ఇంటికాడికి ఎవరు తెస్తారో చెప్పండి." నా జవాబుల్లో దీనికి జవాబు లేదు. మర్నాడు వెళ్ళి, వారంలో మూడు రోజులు నాలుగు నుంచి అయిదుంబావు దాకా మైదానం ముందు ఆడపిల్లలకు ఇవ్వాలని పట్టుబట్టాను. మగపిల్లల్లో చాలామందికి సైకిళ్ళు, బండ్లు ఉన్నాయి, వాళ్ళు ఓ గంట ఆలస్యంగా మొదలుపెట్టినా ఇల్లు చేరగలరు. మొదట్లో కొందరు అబ్బాయిలు గొణిగారు, నెల తిరిగేసరికి వాళ్ళే గీతలు గీయడానికి సాయం వచ్చారు. అంతకుముందు కబడ్డీకి ఏడుగురు అమ్మాయిలు కుదరడమే గగనం. మరుసటి ఏడాది రెండు జట్లుగా విడిపోయి ఆడుకునేటంత మంది వచ్చారు. ఆ మార్పుకు మాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఇంకొక విషయం ఉంది, సభలో చెప్పడానికి పెద్దలు మొహమాటపడతారు కానీ చెప్పి తీరాలి. మైదానం దగ్గర ఆడపిల్లలకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది లేని కళాశాలలో అమ్మాయిలు ఏం చేస్తారో తెలుసా? ఆట ఉన్న రోజు పొద్దున నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. ఒక పోటీ రోజున మా అమ్మాయి ఒకరు 800 మీటర్లు పూర్తి చేసి కళ్ళు తిరిగి కూలిపోయింది. ఆమె సంచి తెరిస్తే రెండు లీటర్ల నీళ్ళ సీసా నిండుగా ఉంది, మూత సీలు కూడా ఊడలేదు. పక్కనున్నవాళ్ళు, చూశారా ఆడపిల్లలకు ఓపిక ఉండదు అన్నారు. నాకు 1928 గుర్తుకొచ్చింది. ఇది పల్లెటూరి కళాశాలల బాధ మాత్రమే అనుకోకండి. 1976లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పడవ పందేల జట్టు అమ్మాయిలకు స్నానాల గది లేక, మగవాళ్ళు స్నానాలు చేసి వచ్చేదాకా చలిలో తడి బట్టలతో బస్సులో కూర్చోవలసి వచ్చేది. కొందరు జబ్బుపడ్డారు కూడా. చివరికి పందొమ్మిది మంది టైటిల్ నైన్ అని ఆ చట్టం పేరు ఒంటి మీద రాసుకుని అధికారి గదిలోకి వెళ్ళి నిలబడ్డారు. అప్పటికి చట్టం వచ్చి నాలుగేళ్ళయింది. చట్టం ఒకచోట ఉంటుంది, కుళాయి మరొకచోట ఉండాలి. రెండోదాన్ని ఎవరో ఒకరు అడిగి వేయించుకోవాలి.

నెలసరి రోజుల గురించి కూడా పీడీలు, అంటే మన ఫిజికల్ డైరెక్టర్లు, మాట్లాడడం నేర్చుకోవాలి. ఆ రోజుల్లో ఆడకూడదని నియమం ఏమీ లేదు, ఆడి తీరాలనీ లేదు. అమ్మాయి తన ఒంటిని బట్టి నిర్ణయించుకుని, ఆ మాట భయం లేకుండా కోచ్‌తో చెప్పగలగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మగపిల్లల షెడ్యూలే వీళ్ళకూ ఇచ్చి పరుగెత్తించే ముందు ఒక్కసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మన ప్రభుత్వాసుపత్రుల్లో అది ఖరీదైన పని కాదు. పోటీలకు వెళ్ళినప్పుడు గుడ్డు, పప్పు, వేరుశనగ ఉండ ఆడపిల్లల పళ్ళెంలోనూ పడుతున్నాయా లేదా అన్నది మేనేజరు దగ్గరుండి చూడాలి. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్లో తినే అలవాటును ఈ పిల్లలు పోటీలకూ వెంట తీసుకెళతారు.

ఇప్పుడు విశ్వవిద్యాలయాల స్థాయికి వద్దాం. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ పేరు మీకందరికీ తెలుసు. తండ్రి సెక్యూరిటీ గార్డుగా, తల్లి ఇళ్ళలో పని చేస్తూ పెంచిన బిడ్డ. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో దాటారు. మన ప్రకాశం జిల్లా కళాశాలలు అప్పటికి ఆ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి కాబట్టి ఒంగోలు పిల్లలకూ ఆమె సొంత జట్టు మనిషే. అప్పటి జాతీయ రికార్డు 2002 నాటిది, అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న 13.38 సెకన్లు. అంత తేడాతో పాత రికార్డును దాటినా ఆ పరుగుకు రికార్డు గుర్తింపు రాలేదు. ఆ పోటీల్లో ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. ఆమె ఆగిపోలేదు. 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23తో అధికారికంగా ఆ రికార్డు సాధించారు, అదే ఏడాది 13 సెకన్ల లోపుకూ వచ్చారు, 2023లో ఆసియా విజేత అయ్యారు, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తారు. అయినా మూడబిదిరి నుంచి సైప్రస్ దాకా మధ్యలో రెండేళ్ళకు పైగా గడిచిపోయింది. ఒక పేదింటి అమ్మాయికి రికార్డు అంటే ఉద్యోగం, శిక్షణ, ఇంట్లో పెళ్ళి మాటను వాయిదా వేయించే ఆధారం. అందరికీ జ్యోతిలాంటి నిబ్బరం ఉండాలని కోరుకోవడం అన్యాయం. మనం నిర్వహించే పోటీ చిన్నదైనా సరే, గాలి వేగం కొలిచే పరికరం నుంచి సంతకం చేసే అధికారి దాకా అన్నీ సిద్ధంగా ఉంచుకోవాలి. ఆడపిల్లల పరుగులు ఉన్న పూట టైమ్ కీపర్లు భోజనానికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

కోచ్‌ల సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. టైటిల్ నైన్‌కు ముందు అమెరికా కళాశాలల్లో మహిళల జట్లలో నూటికి తొంభైకి పైగా మహిళా కోచ్‌ల చేతుల్లోనే ఉండేవి. చట్టం తర్వాత ఆ ఉద్యోగాలకు జీతం, హోదా పెరిగాయి, పురుషులు పెద్ద సంఖ్యలో వచ్చారు, నేడు వాటిలో సగానికి కూడా మహిళలు లేరు. ఆడేవాళ్ళ సంఖ్య పెరిగినంత మాత్రాన నిర్ణయాలు చేసేవాళ్ళలో మహిళలు పెరగరని దీన్ని బట్టి అర్థమవుతుంది. మన దగ్గర మహిళా పీడీలు అసలే తక్కువ. జట్టు బయలుదేరే రోజున ఏదో ఒక శాఖ నుంచి ఒక మేడమ్‌ను బతిమాలి వెంట పంపుతారు. ఆవిడకు ఆట తెలియదు, పైగా ఇంటి దగ్గర పసిపిల్లలను వదిలి వస్తుంది. నేను ఎంతోమంది మంచి పురుష కోచ్‌లను చూశాను, వారి చేతుల్లో గొప్ప క్రీడాకారిణులు తయారయ్యారు. అయినా అర్ధరాత్రి రైల్లో జ్వరం వచ్చిన అమ్మాయి నిస్సంకోచంగా లేపగలిగే మనిషి ఒకరు ఆ బోగీలో ఉండాలి. పని చేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లో వచ్చింది. దాని కింద ఏర్పడిన కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆఫీసు గోడ మీద ఉంటున్నాయి, మైదానం దగ్గర, క్రీడా హాస్టల్లో ఉండడం లేదు. అక్కడా ఉంచండి. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో నోరు మూసుకునే పిల్ల ఆ నంబరును ఎవరినీ అడగకుండా చూసుకోగలగాలి.

ఇవన్నీ చేస్తే మగపిల్లల జట్లకు అన్యాయం జరగదా అని ఈ మధ్య ఒక కుర్రవాడు అడిగాడు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఆడ, మగ అవకాశాల లెక్క సరిచేయడానికి పురుషుల కుస్తీ వంటి జట్లను తీసేసిన మాట వాస్తవమే. అది చట్టం చేయమన్న పని కాదు, డబ్బు పంచుకోవడంలో ఆయా సంస్థలు ఎంచుకున్న దారి. మన కళాశాలల్లో మగపిల్లలకు ఉన్నదే అంతంత మాత్రం, అందులోంచి కోత కోయాలని నేను ఎన్నడూ కోరలేదు. ఆ కుర్రవాడి బూట్లు కూడా చిరిగే ఉన్నాయని నేను చూశాను. రాబోయే నిధుల్లో, కొత్తగా గీసే గీతల్లో, మైదానం వేళల్లో ఆడపిల్లల వాటా మొదటే తీసి పక్కన పెట్టమంటున్నాను. మన రాజ్యాంగం 15వ అధికరణం లింగ వివక్షను నిషేధిస్తూనే, స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని మూడవ ఉపనిబంధనలో చెప్పింది. దాన్ని అడిగే హక్కు మీకుంది.

పొద్దుపోయాక ఆడవాళ్ళకు బయట ఏం పని అనే మాట ఈ జిల్లాలో అనకూడదు. దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుని, అక్కడి నుంచే సారా కొట్టు ముందుకు వెళ్ళి నిలబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా ఆ పోరాటం నడిచింది. అంతకు డెబ్బై ఏళ్ళ ముందే, 1923లో, ఇదే నెల్లూరులో పొణకా కనకమ్మగారు ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని కూడా అనే ఉంటారు. 2025 నవంబరులో మహిళల ప్రపంచ కప్ గెలిచిన భారత క్రికెట్ జట్టులో మన పక్కనున్న కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆమె బౌలింగ్ చూసి క్రికెట్ ఆడతామంటూ ఈ ఏడాది మీ దగ్గరకు వచ్చే అమ్మాయిలకు ఏం జవాబు చెప్పాలో పీడీలు ఇప్పుడే ఆలోచించుకోవాలి. నెట్స్ ఖాళీ లేవన్న జవాబు మాత్రం చెప్పవద్దు.

ప్రిన్సిపాల్ గారు మైదానం ఇప్పుడే చూపించారు. కబడ్డీ కోర్టు ఒకటే ఉంది, అడుగులతో కొలిచాను, పురుషులది. దాని పక్కన తుమ్మచెట్టు వైపు కావలసినంత చోటుంది. కొలత టేపు, ఒక బస్తా సున్నం కారులో తెచ్చాను. తేనీరు తాగాక మగపిల్లలు నలుగురు, ఆడపిల్లలు నలుగురు నాతో రండి. 12 మీటర్లు ఇటు, 8 మీటర్లు అటు. పొద్దు వాలేలోపు గీసేద్దాం, రేపు నాలుగింటికి ఆట మొదలుపెట్టవచ్చు.